నీళ్ళవైపు తలుపు

కొల్లేటికోట దగ్గర, చెరువుగట్టు
మార్చి, ఆదివారం

బుల్లిరాజుకి,

నా పేరు తేళ్ళ పుష్పమ్మ. వయసు డెబ్భై మూడు అని ఆధారు కార్డులో వేశారు, వేసినవాడు నా పుట్టుక చూసినట్టు. భర్త అహరోను, టింకరింగు మేస్త్రి, కాలం చేశారు. ఇంట్లో ఉండేవాళ్ళం నేనూ, రెండు బాతులూ. ఇల్లు బస్సు. మా నాన్నకి పట్టా ఇచ్చిన గట్టు ముక్క మీద, చక్రాలు లేకుండా, నీళ్ళ అంచున ఉన్నది.

ఇది ఉత్తరమా, కేసు కాగితమా మామ్మా అని ఇందు నవ్వుతోంది. ఈ పిల్ల ఊళ్ళో ఆశా వర్కరు, నాకు బీపీ చూడ్డానికి వస్తుంది, నేను చెబుతుంటే రాస్తోంది. రాయవే, కాగితమంటే మొదట మనిషెవరో ఉండాలి. ఫోను చెయ్యచ్చుగా అని నువ్వంటావు. ఫోనులో నాకు ఏమీ వినబడదు, గుర్రుమని చెవిలో కందిరీగ తిరిగినట్టుంటుంది.

సంగతి ఏమిటంటే. నాకు రెండు పక్కలా ఉన్న చెరువులు హేమంత్‌కుమార్ అనే ఆయన లీజుకి తీసుకున్నాడు. ఏలూరు మనిషి. మెత్తగా మాట్లాడతాడు, ప్రతి మాటకీ అండీ. కొంగలు చేపలు ఎత్తుకుపోతున్నాయండీ అని గట్టు మీద వల కంచె వేయించాడు. ఆ వల బస్సు ముందు బంపరు నుంచి వెనక బంపరు దాకా చుట్టి కట్టించాడు. నా గుమ్మం ముందు ఒక మంచం పట్టేంత జాగా మిగిలింది. దానికో గేటు. గేటుకి తాళం. తాళంచెవి వెంకటనరసమ్మ అనే కాపలా మనిషి బొడ్డులో ఉంటుంది.

నన్ను బయటికి పోవద్దని ఎవరూ అనలేదు. పోతే తిరిగి రానివ్వరు, అంతే. పక్క గట్టు మీద ముసలాయన మనవరాలి పెళ్ళికని వెళ్ళాడు, తిరిగొచ్చేసరికి పాక ఉన్నచోట మేత బస్తాలున్నాయి. అందుకని క్రిస్మస్ నుంచి నేను గుమ్మం దిగలేదు. గుడికీ వెళ్ళలేదు. బియ్యం ఇందు తెస్తోంది. బయటికి పోతే ఇల్లు పోతుంది, లోపలుంటే నేను పోతాను.

ఇక బస్సుకి నీళ్ళవైపున ఒక తలుపుంది. అవతల కాలవ ఎవరిదీ కాదు, పడవ వస్తే ఎక్కచ్చు, దిగచ్చు. ఆ తలుపు మీద మీ మేస్త్రి రేకు వేసి స్పాట్ వెల్డింగు చేశారు. నువ్వు పక్కనున్నావు. ఆ స్పాట్లు ఊడదీయడానికి ఏ పనిముట్టు కావాలో, ఎలా వాడాలో రాయి. కిటికీ ఊచలు కొయ్యమని చెప్పకు, ఈ మోకాళ్ళు కిటికీ దూకవు. వల కొయ్యమని కూడా చెప్పకు, కోస్తే నా మీద కేసు పెడతాడు. నా ఇంటికి నేను తలుపు తీసుకుంటే ఎవడు కేసు పెడతాడు?

పుష్పమ్మ

*

తాడేపల్లిగూడెం
మార్చి 14

పూజ్యులైన పుష్పమ్మగారికి బుల్లిరాజు నమస్కరించి వ్రాయునది.

అమ్మగారూ, మీ ఉత్తరం చదివి షెడ్డులో కంప్రెసరు ఆపేసి కూర్చున్నానండి. ఇంత జరుగుతుంటే నాకు ఇప్పుడా తెలియడం? మీరు వెంటనే బయలుదేరి ఇక్కడికి వచ్చెయ్యండి. షెడ్డు వెనక గది ఖాళీగానే ఉంది, పైన ఫ్యాను ఉంది, బాత్‌రూము దగ్గర. మా ఆవిడ కూడా అదే మాట అంటోంది. మీ చేతి అన్నం తిని పని నేర్చుకున్నవాణ్ణి, మిమ్మల్ని చూసుకోలేనా?

తలుపు మాట మాత్రం ఎత్తకండి. అది ఎందుకు మూశారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ రోజుల్లో మనందరికీ అదే గుమ్మం, అక్కడినుంచే పడవ దిగేవాళ్ళం. మీ జెస్సీ పాప అక్కడినుంచే నీళ్ళలోకి జారింది. ఐదేళ్ళ పిల్ల. అయిన మూడో నాడే మేస్త్రిగారు జనరేటరూ, స్పాట్ మిషనూ గూడెం నుంచి పడవలో తెప్పించారు. మీరు లోపల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు, మీరు చూడలేదు. పని అయ్యాక నా చెయ్యి ఆ వేడి రేకు మీద పెట్టించి, ఈ తలుపు నా చేతులతో తియ్యనని ఒట్టు వేయించుకున్నారు.

నలభై ఏళ్ళ మాట. ఆయన లేరని మాట తప్పలేను. కోప్పడకండి.

మీ
బుల్లిరాజు

*

చెరువుగట్టు
మార్చి నెలాఖరు

బుల్లిరాజుకి,

నీ షెడ్డు వెనక గది ఉన్నందుకు సంతోషం. నాకు బస్సుంది.

ఒట్టు నువ్వు వేశావు. నేను వెయ్యలేదు. నీ చేతులు నీ దగ్గరే ఉంచుకో, నా చేతులకి పని చెప్పు చాలు. జెస్సీ పేరు నాకు గుర్తు చెయ్యనక్కర్లేదు. నువ్వు రాసింది ఇందు చదవలేక ఆగిపోయింది, కానియ్యవే అని నేనే అన్నాను.

మొన్న హేమంత్‌కుమార్ వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. గుమ్మం బయట కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు, లోపలికి పిలుస్తాననుకున్నాడు కాబోలు.

"ఏవండీ పుష్పమ్మగారూ, ఈ వయసులో మీకెందుకండీ ఈ రేకుల్లో ఉడికిపోవడం? ఏలూరులో మంచి ఆశ్రమం ఉందండీ. ఈ కాగితం మీద వేలిముద్ర వేస్తే నేనే కారులో దింపుతాను."

"కారు మా ఇంటి కంటే చిన్నది బాబూ, నాకు అలవాటు లేదు," అన్నాను.

వెంకటనరసమ్మ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. అతను నవ్వలేదు. లేస్తూ ఒక్క మాటన్నాడు. "అయినా ఇక్కడ ఎవరూ నివాసం లేరనే కదండీ, ఈ గట్టు ముక్క నాకిమ్మని పెట్టిన అర్జీలో రాసిచ్చాను. ఆఫీసర్లొచ్చి చూసేటప్పటికి అది నిజమైతే అందరికీ మర్యాదగా ఉంటుంది."

విన్నావా? నేను లేనట. బత్తాయిలు తెచ్చింది ఎవరికి మరి, బాతులకా?

ఏలూరు కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారట, మనిషి వెళ్ళి కనబడితే మంచిదని ఇందు అంటోంది. నేను వెళ్ళాలి, కనబడాలి, మళ్ళీ సాయంత్రానికి నా ఇంట్లో నేనుండాలి. గేటులోంచి ఇది అయ్యే పని కాదు.

నువ్వు రాయకపోతే ఆగుతాననుకున్నావేమో. మీ మేస్త్రి పెట్టెలో చేత్తో తిప్పే డ్రిల్లు ఉంది, తీశాను. రేకు మీద ఒక నొక్కు కనబడితే అదే స్పాట్ అనుకుని తిప్పాను. పొద్దుటినుంచి తిప్పితే మధ్యాహ్నానికి దిగింది. దిగి, రెండో రేకులోంచి కూడా అవతలికి పోయింది. బెజ్జంలోంచి కాలవ కనబడుతోంది. అటు తలుపు ఫ్రేముకీ చిల్లు, ఇటు రేకు ఊడనూ లేదు. ఇలాగే అన్నీ పొడిస్తే తలుపూ ఉండదు, గోడా ఉండదు. నువ్వు చెబుతావా, నేను బస్సంతా జల్లెడ చేసుకోనా?

పుష్పమ్మ

(నేను ఇందునండి. మామ్మ అరచేతులు బొబ్బలెక్కిపోయాయి. దయచేసి రాయండి.)

*

తాడేపల్లిగూడెం
ఏప్రిల్ 6

అమ్మగారికి నమస్కారములు.

సామాను ఇందు పేరున పంపించాను. మీ మాట నిజమే, నా చేతులకే ఒట్టు. మీరు గెలిచారు.

జాగ్రత్తగా చదివించుకోండి. స్పాట్ దగ్గర రెండు రేకులు కరిగి ఒకటైపోయి ఉంటాయి. పైది మేస్త్రిగారు లోపలివైపు నుంచి వేసిన రేకు. కిందది బస్సు ఫ్రేము. పోవలసింది పైది, ఉండవలసింది కిందది. పైరేకులో మాత్రమే బెజ్జం పడాలి, కింద రేకుకి గీత కూడా పడకూడదు. మామూలు డ్రిల్లు బిట్టుకి మొన ఉంటుంది గనక, మీకు అయినట్టే, అంచు తెగేలోపే మొన అవతలికి పోతుంది.

గ్యాసు పెట్టి కోయిద్దామంటే రేకు వంకర తిరిగిపోతుంది, లోపల మీ పక్కా బట్టలూ అంటుకుంటాయి. గ్రైండరు తొందరగా అవుతుంది గానీ దానికి కరెంటు కావాలి, నిప్పురవ్వలు వల దాకా ఎగురుతాయి, చప్పుడు ఊరంతా వింటుంది. ఉలీ సుత్తీతోనే కానిద్దామంటే రేకు చిరుగుతుంది గానీ స్పాట్ వదలదు, చిరిగిన అంచు కత్తిలా ఉంటుంది. అందుకని మీకు బ్యాటరీ డ్రిల్లూ, స్పాట్ కట్టరూ పంపాను. కట్టరు చూడండి, కిరీటంలా చుట్టూ పళ్ళుంటాయి, మధ్యలో స్ప్రింగు మీద ఒక సూది. ఆ సూది స్పాట్ నడిమధ్యన నిలబడుతుంది, పళ్ళు చుట్టూ గుండ్రంగా పైరేకునే కోస్తాయి. స్పాట్ బిళ్ళలా ఫ్రేముకి అంటుకునే ఉండిపోతుంది, రేకు దాన్ని వదిలి వచ్చేస్తుంది.

ముందు వైరు బ్రష్షుతో రంగు గీకండి. స్పాట్లన్నీ అమ్మవారు పోసిన మచ్చల్లా బయటపడతాయి. ఒక్కోదాని మధ్యన పంచ్ మేకు పెట్టి సుత్తితో చిన్న దెబ్బ వెయ్యండి, సూది జారకుండా. ఒక చుక్క నూనె. డ్రిల్లు మెల్లగా తిరగాలి, మీ బరువు మాత్రం గట్టిగా ఆనించాలి. స్పీడు పెంచితే పళ్ళు కాలి మొద్దుబారిపోతాయి. రేకు తెగగానే చప్పుడు మారుతుంది, అప్పుడు ఆపెయ్యండి.

కిందవరసకి మిషను పట్కారు అందక మేస్త్రిగారు రివెట్లు కొట్టారు, వాటి తలలు మామూలు బిట్టుతో ఊడిపోతాయి. అవి చివర చెయ్యండి, లేకపోతే రేకు బరువంతా మీ మీదికి వస్తుంది. కళ్ళకి అద్దాలు తప్పనిసరి. బ్యాటరీలు ఇందు వాళ్ళింట్లో ఛార్జింగు పెట్టించండి.

బుల్లిరాజు

*

చెరువుగట్టు
ఏప్రిల్, మట్టలాదివారం వెళ్ళాక

బుల్లిరాజుకి,

చప్పుడు మారుతుందని రాశావు. ఎవరికి రాస్తున్నావో చూసుకున్నావా? ఫోనే వినబడదని మొదటి ఉత్తరంలోనే చెప్పిన మనిషికి రేకు చప్పుడు వినమంటావా?

పైవరసలో మూడో స్పాటుకే మళ్ళీ ఫ్రేము దాకా దిగిపోయాను. నాలుగోదానికి కోపం వచ్చి గట్టిగా తిప్పాను. పొగ వచ్చింది. కట్టరు పళ్ళు రెండు విరిగాయి. ఇప్పుడు నా నోరూ, దాని నోరూ ఒకలాగే ఉన్నాయి.

తెల్లవారేముందు చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతాయి, నీళ్ళు చిలికే ఆ చక్రాల రొదలో నా డ్రిల్లు కలిసిపోతుందని ఆ వేళకే చేస్తున్నాను. అయినా వెంకటనరసమ్మది పాము చెవి. నిన్న గేటు దగ్గర్నుంచి కేకేసింది.

"ఏంటండీ పుష్పమ్మగారూ, లోపల ఆ గరగర?"

"నా మోకాళ్ళమ్మా. లేచినప్పుడల్లా అంతే."

"మీ మోకాళ్ళకి బ్యాటరీ వేయించారాండీ?"

"నీ నాలిక్కి వేయించినవాడే వేశాడు!"

ఆ మనిషి పోయి ఎవరికైనా చెప్పిందో లేదో తెలీదు. రేకు మీద నేను గీకిన చోటల్లా పక్కదుప్పటి వేలాడదీశాను. ఎండలు ముదిరాయి. కిటికీ దగ్గర తప్ప లోపల ఊపిరాడటం లేదు. రేకు ముట్టుకుంటే పెనం. బాతులు రోజంతా బస్సు కిందే ఉంటున్నాయి. వాటి అదృష్టం, వాటికి వల అడ్డం లేదు.

ఇంకో కట్టరు పంపించు. వినక్కర్లేని గుర్తు ఏదైనా చెప్పు.

పుష్పమ్మ

*

తాడేపల్లిగూడెం
ఏప్రిల్ 25

అమ్మగారికి,

తప్పు నాదేనండి, క్షమించండి. నేను చెవితో పనిచేసేవాణ్ణి, అందరూ అంతే అనుకున్నాను.

కళ్ళతో చూసే గుర్తు ఉంది. నలభై ఏళ్ళ నీటి గాలికి రెండు రేకుల మధ్య తుప్పు పట్టి ఉంటుంది. పళ్ళు పైరేకుని కోస్తున్నంతసేపూ తెల్లటి పొడి రాలుతుంది. తెగిన క్షణాన ఎర్రటి పొడి వస్తుంది, మిరప్పొడిలాగా. ఎర్రగా కనబడగానే చెయ్యి తీసెయ్యండి. కింద ఒక తెల్లగుడ్డ పరుచుకోండి, బాగా కనబడుతుంది. తర్వాత పల్చటి ఉలి రెండు రేకుల మధ్య దూర్చి చిన్నగా తడితే, టప్‌మని వదిలేస్తుంది.

కొత్త కట్టర్లు రెండు పంపాను. కాస్త చల్లారనిస్తూ కొయ్యండి.

ఒక్క మాట. కిటికీ కింద, పాత పిడి ఉండే చోటికి వచ్చాక ఆపి నాకు రాయండి. అక్కడ ముందే ఉలి పెట్టకండి.

బుల్లిరాజు

*

చెరువుగట్టు
మే

బుల్లిరాజుకి,

ఇది ఎలా రాయిస్తున్నానో ముందు విను. ఇందుని గేటులోపలికి రానివ్వడం మానేశారు. బీపీ వల బయటినుంచి చూసుకోమన్నాడట హేమంత్‌కుమార్. ఈ పిల్ల గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుంది, నేను గుమ్మంలో కూర్చుని అరుస్తున్నాను, వల కన్నంలోంచి చెయ్యి పెడితే బ్యాటరీలు అందుకుంటున్నాను. వెంకటనరసమ్మ అక్కడే నిలబడి అంతా వింటోంది. విననీ. ఇంక దాచేదేముంది.

రెండుపక్కలా, పైనా అయిపోయింది. ఎర్రపొడి గుర్తు మంచిది, ఒక్కటి కూడా తప్పలేదు. పిడి ఉండే చోటికి వచ్చాను. నువ్వు చెప్పావు గనక ఆగాను.

బ్రష్షుతో గీకాను. అక్కడేమిటి బుల్లిరాజూ అది? మిగతా అంతా ఆయన పని ఆయన పనిలాగే ఉంది. బెత్తెడు బెత్తెడు దూరాన, తాడు పట్టినట్టు. ఇక్కడ మాత్రం స్పాట్ మీద స్పాట్. పక్కన ఇంకోటి. రెండింటి మధ్యన మళ్ళీ ఒకటి. వేలు పెట్టి చూస్తే ఎక్కడా నున్నటి జాగా లేదు. తాగినవాడు కూడా అలా చెయ్యడు, ఆయన తాగేవారు కాదు.

కట్టరు సూది ఎక్కడ నిలబెట్టాలో తెలియడం లేదు. ఎక్కడ పెట్టినా పక్క గుంటలోకి జారుతోంది. ఇవన్నీ కోయాలంటే నాకు ఇంకో వేసవి కావాలి. నా దగ్గర లేదు. వచ్చే వారం ఆఫీసర్లు వచ్చి చూస్తారట, ఆలోగా మా ముసలమ్మని ఆస్పత్రికి పంపిస్తామని అతను ఊళ్ళో అంటున్నాడు. మా ముసలమ్మట. వేడికి ఒకరోజు నేను పడిపోతే చాలు, వాళ్ళే ఎత్తి ఆంబులెన్సులో వేస్తారు, మర్యాదగా.

నీకు ఏదో తెలుసు. తెలిసే ఆపమన్నావు. ఆయన బతికున్నన్నాళ్ళూ నేను ఒక్క మాట అడగలేదు. పిల్ల పోయిన మూడో నాడు మనిషి పనిలోకి దిగిపోయాడే, కంట తడి లేదే అనుకున్నాను. ఆ మాట మనసులో పెట్టుకునే ఆయనకి అన్నం వండాను, ఆయన్ని సమాధి చేశాను. ఇప్పుడు చెప్పు.

పుష్పమ్మ

*

తాడేపల్లిగూడెం
మే 16

అమ్మగారికి,

చెబుతాను. చెప్పవద్దని ఆయన అనలేదు, నాకే నోరు రాలేదు.

ఆ రోజు మేస్త్రిగారు పైవరస నుంచి మొదలుపెట్టి చక్కగానే కొట్టుకుంటూ వచ్చారు. పిడి దగ్గరికి వచ్చేసరికి కొట్టినచోటే మళ్ళీ కొట్టడం మొదలుపెట్టారు. పాప చెయ్యి అందింది ఆ పిడికే గదండి. నేను అన్నాను, "మేస్త్రిగారూ, అంత దగ్గరగా కొడితే పట్టదండీ, కరెంటు పక్క స్పాట్‌లోంచి పోతుందండీ" అని. నాకు ఆ సంగతి నేర్పింది ఆయనే. చెంప మీద కొట్టారు. నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. మళ్ళీ కొట్టుకుంటూ పోయారు.

పని అయిపోయాక జనరేటరు ఆపబోతే ఆపనివ్వలేదు. ఆ రేకుకి నుదురు ఆనించి నిలబడిపోయారు. రేకు ఇంకా కాలుతోంది. నేను పక్కనున్నాను గనక చూశాను. భుజాలు ఎలా ఊగాయో చూశాను. జనరేటరు రొదలో ఏమీ వినబడలేదండి, మీకు వినబడకూడదనే అనుకుంటాను. డీజిలు అయిపోయి అదే ఆగేదాకా ఆయన కదల్లేదు. తర్వాత మొహం కడుక్కుని, మీకు గంజి కాయమని నాకు చెప్పారు.

ఇప్పుడు పని మాట. అక్కడ కట్టరు వద్దు. స్పాట్లు దగ్గరగా పడితే మొదటిదే కాస్త పడుతుంది, తర్వాతవాటికి వేడి సరిపోదు, పైకి మచ్చ కనబడుతుందే గానీ లోపల అంటుకోదు. తలుపంతటికీ గట్టిగా మూద్దామని ఆయన అనుకున్న చోటే అన్నిటికంటే వదులు. పల్చటి ఉలి పెట్టి పైనుంచి కిందికి తట్టుకుంటూ రండి. ఎండిన బంకలా వచ్చేస్తుంది. నేను మిమ్మల్ని ఆపింది అది కష్టమని కాదండి. తేలిగ్గా ఊడిపోతే మీరు ఆయన పని అంతేనా అనుకుంటారేమో అని.

ఆదివారం రాత్రికి నేను కొల్లేటికోట వస్తాను. సోమవారం తెల్లవారేసరికి పడవ మీ తలుపు కింద ఉంటుంది. తలుపు తియ్యను. మీరు తోస్తే రేకు పట్టుకుంటాను. పట్టుకోనని ఒట్టు వెయ్యలేదు.

బుల్లిరాజు

*

చెరువుగట్టు
జూన్

బుల్లిరాజుకి,

నువ్వు అక్కడే ఉన్నావు, అన్నీ చూశావు, అయినా రాయిస్తున్నాను. జరిగినది జరిగినట్టు ఒక కాగితం మీద ఉండాలి. ఇది నీ దగ్గర భద్రంగా ఉంచు.

నేను, తేళ్ళ పుష్పమ్మ, సోమవారం ఏరేటర్లు తిరుగుతుండగా పిడి దగ్గర ఉలి పెట్టాను. నువ్వు రాసినట్టే వచ్చింది. చేతికి బలం అక్కర్లేకపోయింది. అక్కడే కాసేపు ఉండిపోయాను. ఏం చేశానో రాయించను. నా దగ్గర జనరేటరు లేదు, ఏరేటర్లున్నాయి.

తర్వాత రివెట్ల తలలు ఊడదీసి, కిటికీ ఊచలు పట్టుకుని భుజంతో తోశాను. రేకు ఊగింది, ఓరగా తిరిగి తలుపు రెక్కతో సహా అటు పడింది. నువ్వు పట్టుకున్నావు. పడవ మునుగుతుందేమో అనుకున్నాను. నీళ్ళు నా గుమ్మానికి ఇంత దగ్గరగా ఉంటాయని మరిచిపోయాను. కాలు పెట్టడానికి భయం వేసింది. నువ్వు చెయ్యి ఇచ్చావు, నేను నీ చెయ్యి చూడలేదు, నీళ్ళనే చూశాను. ఇంత లోతు కాదు అనుకుంటూ బతికాను ఇన్నేళ్ళూ. అంత లోతే.

ఏలూరులో వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక బల్ల అవతలి అబ్బాయి, "ఏం కావాలి మామ్మగారూ?" అన్నాడు. "ఏమీ వద్దు బాబూ, నేనున్నానని రాసుకో," అన్నాను. రాసుకున్నాడు. రసీదు ఇచ్చాడు. సాయంత్రానికి నా మంచం మీద నేనున్నాను.

నువ్వు వెళ్ళాక జరిగింది ఇదీ. గురువారం ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు, హేమంత్‌కుమార్ వెనకాలే. పాడుబడ్డ బస్సండీ, ఎవరూ ఉండరండీ అని చెప్పుకుంటూ వచ్చాడు. నేను ఆస్పత్రికి పోయాననుకున్నాడు. సోమవారం నుంచి లోపల అలికిడి లేదని వెంకటనరసమ్మ చెప్పిందట. నేను అప్పుడు అన్నం వారుస్తున్నాను. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను, చేతిలో గంజిగిన్నెతో.

ఆ పెద్ద ఆఫీసరు నన్ను చూశాడు, వల చూశాడు, గేటుకున్న తాళం పట్టుకుని చూశాడు. "ఎవరూ లేని ఇంటికి బయట తాళం ఎందుకండీ?" అన్నాడు.

హేమంత్‌కుమార్ కొంగలండీ అన్నాడు. వెంకటనరసమ్మ అప్పుడు నోరు తెరిచింది. "కొంగలు కాదండీ. ఈవిడ పోతే తియ్యమన్నారు, వస్తే తియ్యద్దన్నారు. నేనే వేస్తున్నానండీ తాళం." అని బొడ్డులోంచి తాళంచెవి తీసి ఆఫీసరు చేతిలో పెట్టింది. ఆ తాళంచెవి ఇచ్చినందుకు ఆవిడ పని పోయింది. ఇప్పుడు రోజూ వచ్చి నా గుమ్మంలో కూర్చుని నన్నే తిడుతోంది.

తొందరపడి సంతోషించకు. నివాసం ఉన్నారని రాసుకున్నారు, అంతవరకే. వల అలాగే ఉంది. గేటుకి కొత్త తాళం పడింది, కొత్త కుర్రాడు వచ్చాడు, వెంకటనరసమ్మ కూడా పడవలోనే వస్తోంది. అతను కోర్టుకి వెళతాడట. వెళ్ళనీ. ఆ తాళం అతన్నే ఉంచుకోమను.

ఇక నీకు ఒక పని. ఆ తలుపు రెక్క నీ షెడ్డులో ఉంది గదా. మడతబందులు మార్చి, మళ్ళీ తెచ్చి పెట్టు. మీ మేస్త్రి రేకు పారెయ్యకు, పిడి దగ్గరి ముక్క కోసి నాకు ఇవ్వు. తలుపుకి గడియ కావాలి. గడియ పైన పెట్టు, బాగా పైన. పిల్లల చెయ్యి అందకూడదు. ఇక్కడ పిల్లలెవరున్నారు మామ్మా, మీకే అందదు అని ఇందు అంటోంది. నేను పీట వేసుకుంటాను. పైనే పెట్టు.

ఇది నేను చెప్పగా రాసినది, చదివించుకుని విన్నాను, సరిగానే ఉంది.

తేళ్ళ పుష్పమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర
(వేలికి ఉలి దెబ్బ తగిలి ముద్ర సగమే పడింది. ఆ సగమూ నాదే.)

సాక్షులు:
ఇందు, ఆశా వర్కరు, కొల్లేటికోట. రాసినది కూడా నేనే.
వెంకటనరసమ్మ, మొన్నటిదాకా గేటు కాపలా. వేలిముద్ర.